సరుకు బండిలో సంసారం

ఉదయగిరి నుంచి నెల్లూరికి దాదాపు వంద కిలోమీటర్లు. ఆత్మకూరు నుంచి అయితే అందులో సగానికి కాస్త ఎక్కువ. కారు కంపెనీ వాళ్ల ప్రకటనల్లో ఇంత దూరాన్ని ఒక భర్త, ఒక భార్య, ఇద్దరు పిల్లలు, కిటికీలోంచి తల బయటపెట్టిన ఒక కుక్క కలిసి నవ్వుతూ దాటేస్తారు. మెట్ట ప్రాంతపు కుటుంబం అలా దాటదు. పిల్లను హాస్టల్లో దించడానికి బయల్దేరారంటే బియ్యం మూట, పరుపు చుట్ట, ట్రంకు పెట్టె, బకెట్టు, మూడు నెలలకు సరిపడా పచ్చళ్లు ఉంటాయి. ఆ పచ్చళ్లు ఒలక్కుండా పట్టుకోవడానికి ఒక పెద్దమ్మ ఉంటుంది. పెద్దమ్మను వదిలి ఉండలేని మనవడు ఒకడు, వాడి వెంట వాడి అమ్మ ఉంటారు. మోటారు వాహనాల చట్టం మనుషులు ఒక రకం, సరుకులు ఒక రకం అని గీత గీసింది గాని, పడమటి నెల్లూరు కుటుంబం ఆ గీతకు రెండు వైపులా కాళ్లు వేసుకుని కూర్చుంటుంది. అందుకే పాత రేకు డబ్బా వ్యాను ఒకటి చవగ్గా పట్టుకుని, పక్కలకు కిటికీలు కోయించి, లోపల సీట్లు బిగించి ఇంటిల్లిపాదీ తిరగొచ్చు కదా అని ఎవరైనా అంటే నాకు నవ్వు రాదు. వాళ్లకు తమ ఇల్లు ఎంతో, అందులో ఏముందో బాగా తెలుసని అర్థమవుతుంది. వాళ్ల లెక్కలో తప్పేమీ లేదు. ఆ పని ఎవరి షెడ్డులో, ఏ కాగితం మీద జరగాలన్న దగ్గరే అసలు పేచీ ఉంది, దాని సంగతి తర్వాత.

ముందు ఈ కోరిక పాతదని ఒప్పుకోవాలి. రెండెద్దుల బండి వారమంతా పెంట తోలేది. పెళ్లినాడు అదే బండిని కడిగి, వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద జంపఖానా వేసి, వెదురు దబ్బలు వంచి గూడు కట్టి పైన చాప కప్పేవాళ్లు. ఇరుసు అదే, చక్రాలు అవే, కాడి అదే, ఎద్దులూ అవే. ఎక్కింది పెళ్లికూతురని ఎద్దులకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పేవాళ్లు కారు, అవీ అడిగేవి కావు. మర్నాడు గూడు విప్పేస్తే మళ్లీ పెంట బండి. సరుకు వాహనాన్ని ప్రయాణికుల వాహనంగా మార్చడంలో మనకు తరాల అనుభవం ఉంది, దానికి ఏ అధికారి సంతకమూ అక్కర్లేకపోయింది. ఎందుకు అక్కర్లేకపోయిందన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఆ బండి వేగం నడిచే మనిషి వేగం. బోల్తా పడితే గడ్డితో సహా పడేవాళ్లు, లేచి దులుపుకుని, బండివాణ్ణి నాలుగు తిట్టి మళ్లీ ఎక్కేవాళ్లు.

మోటారు వచ్చాక ప్రపంచమంతా ఇదే పని చేసింది. అమెరికాలో షెవర్లే కంపెనీ 1935లో సబర్బన్ క్యారీఆల్ అని ఒక బండి తెచ్చింది. అర టన్ను సరుకు బండి ఛాసిస్ మీద ఇనుప డబ్బా కట్టి, లోపల మూడు వరుసల్లో ఎనిమిది మందిని కూర్చోబెట్టింది. ఆ డబ్బా పక్కల రేకు అలాగే ఉంచితే దాన్ని ప్యానెల్ ట్రక్కు అన్నారు, దుకాణాల సరుకు ఇంటింటికీ చేర్చడానికి వాడారు. రేకు ఉండాల్సిన చోట అద్దం పెట్టి సీట్లు వేస్తే సబర్బన్ అన్నారు. చాలా ఏళ్ల పాటు ఈ రెండూ ఒకే మూసలో తయారైన కవల పిల్లలు, ఒకడికి కళ్లున్నాయి, ఒకడికి లేవు. సబర్బన్ పేరుతో ఇప్పటికీ బండ్లు వస్తున్నాయి, పెద్ద కుటుంబాల వాళ్లు, రాజకీయ నాయకులు వాటిలో దర్జాగా తిరుగుతున్నారు. జర్మనీ కథ ఇంకా బాగుంటుంది. వుల్ఫ్స్‌బర్గ్‌లోని ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీలో విడిభాగాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడానికి ఒక బల్ల బండి చేసుకున్నారు. డచ్ వ్యాపారి బెన్ పాన్ దాన్ని చూసి, 1947 ఏప్రిల్లో తన నోటుబుక్కులో ఒక డబ్బా బొమ్మ గీశాడు. చిన్నపిల్లవాడు గీసిన రొట్టెలా ఉంటుందది. 1950లో అది రోడ్డు మీదికి వచ్చింది. మొదట రేకు డబ్బా వ్యాను, ఆ వెంటనే కిటికీల బండి, సీట్ల బండి. లోకాన్ని వదిలి పోవాలనుకున్న హిప్పీలు పదిహేనేళ్ల తర్వాత ఎక్కింది దీన్నే, అంటే ఫ్యాక్టరీ నట్లూ బోల్టులూ మోసిన బల్ల బండి మనవణ్ణే. ఫిలిప్పీన్స్‌లో అయితే రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలేసిపోయిన జీపులను సాగదీసి, పొడవు బెంచీలు వేసి, రంగులు పూసి జీప్నీలు చేసుకున్నారు.

అంత దూరం పోనక్కర్లేదు. ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ ఆర్టీసీ డిపోలున్నాయి. వాటిలోంచి పొద్దున్నే బయటికొచ్చే పల్లెవెలుగు బస్సు కింద వంగి చూస్తే కనిపించేది లారీ వంశమే. మన దేశంలో బస్సంటే చాలా కాలం లారీ ఛాసిస్‌కు బంధువైన ఛాసిస్ మీద కట్టిన గది. ఇంజను ముందు, డ్రైవరు పక్కన వేడి దిమ్మె, నేల ఎత్తు, మెట్లు ఎత్తు. మోకాళ్ల నొప్పుల పెద్దావిడ ఆ మెట్టెక్కేటప్పుడు పలికే రామనామానికి సగం కారణం ఆ నేలను సరుకు కోసం కొలిచి ఉండటమే. టాటా వాళ్లు 1986లో 407 తెచ్చారు. అది ఒక ఊళ్లో పాల వ్యాను, పక్క ఊళ్లో స్కూలు బస్సు, ఇంకో ఊళ్లో పోలీసు బండి. అదే కంపెనీ 2005లో ఏస్ తెచ్చింది. రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 గుర్రాల బలం, ముప్పాతిక టన్ను మోత. దాన్ని కొన్నవాళ్లు కూరగాయలు దించేసిన మరుక్షణం మనుషుల్ని ఎక్కించుకోవడం చూసి కాబోలు, రెండేళ్లకే, 2007లో, కంపెనీయే దాని మీద మనుషుల డబ్బా కట్టి మ్యాజిక్ అని అమ్మింది. పేరు బాగా కుదిరింది. నిన్న టమాటాలు కూర్చున్న చోట ఇవాళ టీచరమ్మ కూర్చుంటే అది మ్యాజిక్కే. అంటే తొట్టిలో మనుషుల్ని ఎక్కించిన పల్లెవాడి బుద్ధిని ఇంజనీర్లు రెండేళ్ల తర్వాత డ్రాయింగు వేసి ఒప్పుకున్నారన్నమాట.

ఇక ఇప్పుడు మన దగ్గర మార్చడానికి దొరికే డబ్బాలేమిటి? పాత మెటాడోర్లు తుప్పు పట్టి పోగా మిగిలినవి అరుదు. 407లు అక్కడక్కడా ఉన్నాయి, ఆ ఇంజను మనిషి కంటే మొండిది. కొత్తగా ఈ లెక్కలోకి వచ్చినవి రేషన్ బండ్లు. 2021 జనవరిలో విజయవాడలో జెండా ఊపి 9,260 బండ్లను రాష్ట్రమంతా పంపారు, ఇంటి ముందుకే బియ్యం తెస్తామన్నారు. 2025 జూన్ 1 నుంచి మళ్లీ రేషన్ షాపులకే పొమ్మన్నారు, బండ్లను నడిపిన వాళ్లకే వదిలేస్తామన్నారు. ఏది మంచి పద్ధతో ఆ రెండు పద్ధతులూ తెచ్చిన పార్టీల వాళ్లు తేల్చుకుంటారు గాని, నాలుగేళ్లకే పింఛను తీసుకున్న వేల డబ్బా బండ్లు ఊళ్లలో మిగిలాయన్నది మన విషయానికి సంబంధించిన సంగతి. మూడు వైపులా రేకు, తూకం పెట్టుకోవడానికి చోటు, మైకు కట్టుకోవడానికి చోటు. వింటేజ్ అనడానికి వయసు చాలదు గాని, ఉద్యోగం పోయిన తీరు చూస్తే వింటేజే. అలాంటి బండి ఇంటి ముందు ఖాళీగా ఉంటే, ఇంట్లో పదిమంది ఉంటే, శివరాత్రికి ఘటిక సిద్ధేశ్వరమో వైశాఖంలో పెంచలకోనో పోవాల్సి వస్తే, ఎవరి చూపు ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

షెడ్డులో పని ఎలా జరుగుతుందో కాస్త దగ్గర్నుంచి చూడాలి, ఎందుకంటే వాదన అక్కడే తిరగబడుతుంది. వెల్డింగు షాపతను చాకుపీసుతో రేకు మీద నాలుగు గీతలు గీస్తాడు. కటింగ్ మిషన్ పెడితే నిప్పురవ్వలు చిమ్ముతూ పది నిమిషాల్లో కిటికీ పడుతుంది. అంచులు చేతులు కోయకుండా రబ్బరు బీడింగు నొక్కుతాడు. ఎల్ యాంగిల్‌తో బెంచీ చట్రం, దాని మీద ప్లైవుడ్డు, పైన ఫోము, దాని మీద ముదురు ఎరుపు రెక్సిను. సాయంత్రానికి చూడ్డానికి చిన్న బస్సులాగే ఉంటుంది. "ఏం పర్లేదన్నా, ఇనుము మాదిరి నిలబడుద్ది" అంటాడు, అదీ నిజమే, ఇనుముతోనే చేశాడు. చిక్కు కనిపించని చోట ఉంది. వెనక తలుపు గొళ్లెం బయట ఉంది, లోపల పిడి లేదు. బియ్యం మూట ఏనాడూ లోపల్నుంచి తలుపు తీయమని అడగలేదు కాబట్టి తయారు చేసినవాళ్లు పెట్టలేదు. బెంచీ కాళ్లు నేల రేకుకు బోల్టు వేసి ఉన్నాయి, కింద అడ్డదూలానికి కాదు. గట్టిగా బ్రేకు కొట్టిన రోజు సీటు ఆ పలచని రేకును చింపుకుని, కూర్చున్నవాళ్లతో సహా ముందుకొస్తుంది. బోల్టుల కోసం నేలకు వేసిన కన్నాల్లో వాడకుండా మిగిలినవి సైలెన్సరు పొగకు రాచబాట. అన్నిటికంటే ముఖ్యం, డ్రైవరు గదికీ డబ్బాకీ మధ్య గోడ ఉంది. లోపల పిల్లవాడికి వాంతి వచ్చిందని చెప్పాలంటే ఆ గోడ బాదాలి. మన రోడ్ల మీద డ్రైవరు ఆ చప్పుడును గతుకు కింద జమ కట్టుకుని ముందుకే పోతాడు.

ఇవన్నీ సరిచేసుకోవచ్చు కదా అనొచ్చు. పిడి పెట్టొచ్చు, బోల్టు దూలానికి వేయొచ్చు, గోడకు కిటికీ కోయొచ్చు. ఒప్పుకున్నాను. కాని కమాన్ పట్టాలు? సరుకు బండి వెనక కమాన్లు నిండు మోత ఉన్నప్పుడు బుద్ధిగా ఉండటానికి పేర్చినవి. ఏస్ లాంటి బండి ముప్పాతిక టన్నుకు తయారైంది, పదిమంది మనుషులు మధ్యస్థంగా తూగితే ఆరేడు వందల కిలోలు, కాబట్టి లెక్క సరిపోయిందని వెల్డింగు షాపులోనే ఎవరో ఒకరు వేళ్ల మీద లెక్క తేల్చేస్తారు. ఆ లెక్కలో ఒక లోపం ఉంది. బియ్యం మూటలు నేల మీద పడుకుంటాయి, మనుషులు కూర్చుంటారు, తలలు పైకప్పుకు దగ్గరగా ఉంటాయి. బరువు అంతే అయినా అది ఉన్న ఎత్తు మారింది. పైగా మూటకు కుతూహలం లేదు. ఆత్మకూరు నుంచి సోమశిల వైపు పోతున్న డబ్బాలో పదిమంది ఉన్నారనుకుందాం. డ్యాము నీళ్లు కనబడగానే ఒకరు "అదుగో" అంటారు, పదిమందీ ఒకే కిటికీ దగ్గరికి జరుగుతారు. సన్నటి చక్రాల మీద, ఇరుకు వెడల్పు మీద, మలుపు దగ్గర ఆరు వందల కిలోలు ఒక్కసారిగా ఎడమ పక్కకు పోవడమంటే ఏమిటో బియ్యం తోలిన డ్రైవరుకు అనుభవం ఉండదు. అతను జీవితమంతా కదలని సరుకుతో కాపురం చేసినవాడు.

పరువు గురించిన అభ్యంతరం ఒకటుంది, దానికి నేను పెద్ద విలువ ఇవ్వను. పెళ్లిచూపులకు రేకు డబ్బాలో దిగితే వియ్యంకులు ఏమనుకుంటారు అంటారు. ఏమనుకుంటారు, కట్నం తీసుకుపోవడానికి ముందే బండి తెచ్చుకున్నారు అనుకుంటారు, అదెలాగూ అనుకునేదే. ఎండ గురించిన అభ్యంతరం అంతకంటే గట్టిది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు పైకప్పు రేకు పెనమవుతుంది, అద్దం పెట్టినంత మాత్రాన చల్లబడదు. పైన థర్మకోల్ వేసి ప్లైవుడ్డు కొడితే కొంత నయం, కాని ఎంత కొడితే అంత బరువు, అదీ పైకప్పు దగ్గర. పై పేరాలో చెప్పిన ఎత్తు లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇంత తంటా ఎందుకు, ఏడు సీట్ల కారు కొనుక్కోరాదా అని నెల్లూరు నుంచి వచ్చిన బంధువు అంటాడు. ఈ సలహాలో రెండు అబద్ధాలున్నాయి. ఒకటి, కొనుక్కో అన్న మాట. మెట్టలో వాన మీద ఆధారపడ్డ సేద్యంతో ఆ ధర ఏ పంట మీద తేలుతుందో అతను చెప్పడు. రెండోది, ఏడు అన్న అంకె. ఆ కార్లలో మూడో వరుస ఉంటుంది, నిజమే, కాని దాన్ని తీర్చిదిద్దినవాడు కాళ్లు లేని మనుషుల్ని ఊహించుకున్నాడు. మూడో వరుసలో మనుషులు కూర్చుంటే సామాను పెట్టడానికి వెనక ఒక చీపురుకట్ట పట్టేంత చోటు మిగులుతుంది. ఆ చీపురుకట్ట మన సామాన్లలో లేదు, మిగతావన్నీ ఉన్నాయి. మరి బస్సు? బస్సు గౌరవప్రదమైనది, చవక, భద్రం. కాని అది పొలం గట్టు దగ్గర ఆగి బియ్యం మూట ఎత్తుకోదు, రాత్రి పదకొండుకు తలంబ్రాలు అయ్యేదాకా వాకిట్లో నిలబడదు. అందుకే డబ్బా వ్యాను కోరిక ఇంకా బతికుంది. దాన్ని ఎగతాళి చేసేవాళ్లు ముందు ఈ అవసరానికి ఇంకో జవాబు చూపించాలి.

ఇప్పుడు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. కొన్ని రాష్ట్రాల నియమాలు కాస్త సడలింపు ఇచ్చాయి కదా అని వాదిస్తే, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ ముచ్చటా తీర్చింది. కంపెనీ నమూనాకు ఆమోదం వచ్చిన రూపమే రూపం, రాష్ట్ర నియమాలు సెక్షన్ 52ను దాటిపోలేవు అంది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అన్నారు. ఒక్కో మార్పుకు అన్న మాట దగ్గర ఆగాలి. కిటికీకి ఒక మార్పు చొప్పున లెక్కగట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టరు తగిలితే ఆరు కిటికీలకు 30,000. అదే సవరణలో, రవాణా బండిలో పరిమితికి మించి ఎక్కిన ప్రయాణికుడికి తలకు 200 రూపాయలు. చట్టం దృష్టిలో కిటికీ ఖరీదు మనిషి కంటే ఇరవై అయిదు రెట్లు ఎక్కువ. దీనికి నవ్వి ఊరుకోవచ్చు గాని, ఆలోచిస్తే అందులో న్యాయముంది. ఎక్కువ ఎక్కినవాడు దిగిపోగలడు. కోసిన రేకు మళ్లీ అతుక్కోదు.

బండి అంత పాతదైతే వింటేజ్ కింద పోనిచ్చుకోవచ్చు కదా అని ఒక తెలివైన వాదన వస్తుంది. 2021 జూలైలో కేంద్రం దానికీ నియమాలు రాసింది. 50 ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్పు లేకుండా మూల రూపంలో ఉండాలి. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, నంబరు ప్లేటు మీద వీఏ అన్న అక్షరాలు. ఈ లెక్కన 1986 నాటి మొదటి 407కే 2036 దాకా ఆగాలి, రేషన్ బండికి 2071 దాకా. ఆగామనే అనుకుందాం. మూల రూపం చెడకూడదంటే కిటికీ కోయకూడదు, సీటు బిగించకూడదు. కోస్తే వింటేజ్ కాదు, కోయకపోతే ఇంటి బండి కాదు. అంతటితో అయిపోలేదు. వింటేజ్ బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, రిపేరుకు, ఇంధనం పోయించుకోవడానికి మాత్రం తీసుకుపోవచ్చు. అంటే పెద్దమ్మతో సహా కుటుంబం మొత్తాన్ని ఎక్కించుకుని పెట్రోలు బంకుకు పోయి రావడం దర్జాగా చట్టబద్ధం. పెంచలకోన దారిలో ఎన్ని బంకులున్నాయో చూసి, ఒక్కో దాంట్లో అర లీటరు చొప్పున పోయించుకుంటూ పోవచ్చునని ఎవరికైనా తోచవచ్చు. ఇన్‌స్పెక్టరుకు కూడా తోస్తుంది.

ఇవన్నీ కాగితాల వాళ్ల గొడవ, పట్టుబడితే చూసుకుందాం అనేవాళ్లదే అసలైన అభ్యంతరం, దానికే సరైన జవాబు చెప్పాలి. ఇన్నేళ్లుగా ట్రాక్టరు ట్రక్కులో, ఆటో తొట్టిలో, లారీ పైన పెళ్లి గుంపులు పోతున్నాయి, ఏమైంది అంటారు. ఏమీ కానప్పుడు ఏమీ కాలేదు, నిజమే. అయినప్పుడు ఏమవుతుందో చూద్దాం. సరుకు బండిలో పోతున్న మనిషికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కట్టాలా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా పోయింది. 1999లో ఒక తీర్పులో కట్టాలంది. కొద్ది సంవత్సరాలకే ఇంకా పెద్ద ధర్మాసనం దాన్ని తోసేసి, సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడు ఆ పాలసీ కిందికి రాడంది. 1994 సవరణ వల్ల వచ్చేవాళ్లు ఒక్కరే, సరుకుతో పాటు పోతున్న సరుకు యజమాని, లేదా అతని అధీకృత ప్రతినిధి. ఇక్కడ మన కుటుంబానికి ఒక ఆశ పుడుతుంది. పెద్దమ్మ ఒళ్లో పచ్చళ్ల జాడీ ఉంది, ఆమె సరుకు యజమాని కాదా? బావ చేతిలో స్వీట్ల డబ్బా ఉంది, చెల్లెలి దగ్గర ఉదయగిరి చెక్క గరిటెల కట్ట ఉంది. ఇలా ప్రతివాడి చేతిలో ఒక మూట పెడితే డబ్బా మొత్తం సరుకు యజమానులే. న్యాయమూర్తులకూ ఇంట్లో పెద్దమ్మలుంటారు కాబట్టి ఈ ఎత్తు వాళ్లకు కొత్త కాదు, ఒప్పుకోరు. అప్పుడు ఆస్పత్రి ఖర్చు, నష్ట పరిహారం మొత్తం బండి యజమాని మీద పడుతుంది. బండి యజమాని ఎవరు? ఇంటి పెద్ద. నష్టపోయిందెవరు? ఆ ఇంటివాళ్లే. ఎడమ జేబు కుడి జేబు మీద కేసు వేసినట్టుంటుంది, రెండూ ఖాళీ. రేకు డబ్బా చవగ్గా వచ్చిందన్న లెక్క అక్కడ తేలిపోతుంది, ఎందుకంటే చవక అయ్యింది బీమా ధరను తీసేయడం వల్లే.

అందువల్ల నా పక్షం ఇది. సరుకు బండిని సంసారానికి పనికొచ్చేలా మార్చాలనడం సరైన ఆలోచన, ఆ మార్పు షెవర్లే చేసింది, ఫోక్స్‌వ్యాగన్ చేసింది, టాటా చేసింది. వాళ్లంతా దాన్ని కిటికీ దగ్గర మొదలుపెట్టలేదు. సీటు దూలానికి వేశారు, లోపలి పిడి పెట్టారు, ఆపైన కాగితం మీద ఈ బండి మనుషులది అని రాయించారు. బస్సు బాడీ కట్టే షెడ్లకు కూడా ఇప్పుడు ఏఐఎస్ 052 అనే కోడ్ ఉంది, అత్యవసర ద్వారం నుంచి సీటు గట్టిదనం దాకా దాంట్లో కొలతలున్నాయి. పదిమంది కుటుంబానికి డబ్బా ఛాసిస్ మీదే తిరగాలని ఉంటే, ఆర్సీలో మొదటి నుంచీ ప్రయాణికుల బండిగా పుట్టిన పాత మ్యాజిక్కో, 407 మినీ బస్సో వెతుక్కోవడం మేలు. రంగు పోయి ఉంటుంది, సీట్లు చిరిగి ఉంటాయి, ఎరుపు రెక్సిను సరదా అక్కడ తీర్చుకోవచ్చు, సీటు కవరు మారిస్తే సెక్షన్ 52 వాళ్లు రారు.

రేషన్ బండి ఇంటి ముందే ఉన్నవాళ్లు దాన్ని అలాగే ఉంచి, పాత పద్ధతిలో పని చేయించుకోవచ్చు. మనుషులు డిపో బస్సులో, సామాను డబ్బాలో. ఇలా చేస్తే చట్టం ఇచ్చిన ఒక సౌకర్యం కూడా మిగిలి ఉంటుంది, డ్రైవరు పక్కన ఒక్క సీటు, సరుకు యజమానికో అతని ప్రతినిధికో. బీమా ఉన్న సీటు, ముందు అద్దం ఉన్న సీటు, అందులోనూ ఒక్కటే సీటు కాబట్టి దాని మీద ఇంట్లో పెద్ద రాజకీయమే నడుస్తుంది. పెద్దల్లుణ్ణి కూర్చోబెడితే సామానుతో పంపించారని అలుగుతాడు. చిన్నల్లుణ్ణి కూర్చోబెడితే ముందు సీటు తనకివ్వలేదని పెద్దల్లుడే మళ్లీ అలుగుతాడు. మేనమామ కూర్చుంటానంటాడు గాని, దారిలో సంగం దగ్గర టీకి దిగి బండి బయల్దేరే వేళకు కనబడడు. కాబట్టి సామాను పట్టీ రాసేటప్పుడే ఆ ప్రతినిధి పేరు కూడా అందులో రాసి, ఇంటి పెద్ద చేత సంతకం పెట్టించుకోవడం మంచిది. దారిలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆపినా చూపించొచ్చు, పెళ్లింట్లో అల్లుడు ఆపినా చూపించొచ్చు.